నెలకి అంగుళం

మా అమ్మ కొలతల పుస్తకంలో ఒక పేజీ ఉంది. దానికి ముందు పేజీలో ఎవరిదో పట్టు జాకెట్టు: ఛాతీ 36, నడుము 31, చెయ్యి పొడవు 9. తర్వాతి పేజీలో ఎవరో పాప లంగా. మధ్యలో ఉన్న ఈ పేజీ మాత్రం గిరాకీలది కాదు, అమ్మది. పైన "నరం" అని రాసుకుంది. కింద వరసగా తేదీలు, వాటి పక్కన అంగుళాలు. అర. ముప్పావు. ఒకటి. ఒకటింపావు.

మాది సిరొంచ. గడ్చిరోలి జిల్లాకు దక్షిణాన చిట్టచివర, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. మహారాష్ట్రే అయినా మా ఇళ్లలో తెలుగే. బడిలో మరాఠీ, బజారులో రెండూ. నేను ఇక్కడే ఒక బడిలో సైన్సు చెబుతాను. అమ్మ ముప్పై ఏళ్లుగా ఇంటి ముందు గదిలో మిషను కుడుతోంది. మూడేళ్ల కిందట ఆ గదిలో నిలువుటద్దం మేకు ఊడి జారింది. పడకుండా పట్టుకోబోతే అమ్మ ఎడమ మణికట్టులో గాజు దిగింది.

ముందు చూపించిన చోట చర్మానికి నాలుగు కుట్లు వేసి పంపేశారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారాయని అమ్మ చెబితే, వాపు తగ్గాక అవే వస్తాయన్నారు. పది రోజులు ఆగాం. పదో రోజు సాయంత్రం అమ్మ ఇస్త్రీ పెట్టె అంచుకి చూపుడువేలు ఆనించి పక్కింటావిడతో మాట్లాడుతూనే ఉంది. కాలిన వాసన వచ్చి నేను చూశాను గానీ అమ్మకి తెలియనే లేదు. మర్నాడు పొద్దున్నే గోదావరి వంతెన దాటి వరంగల్ వెళ్లాం. మణికట్టు మధ్యగా వెళ్లే మీడియన్ నర్వ్ పూర్తిగా తెగిందని అక్కడ తేలింది. మైక్రోస్కోపు కింద పెట్టి కుట్టారు.

"ఎంత సన్న దారం సార్?" అని అమ్మ అడిగింది. ముప్పై ఏళ్లు దారంతో బతికిన మనిషి అడగకుండా ఎలా ఉంటుంది? వెంట్రుక కన్నా సన్నం అని చెప్పి, డాక్టరు ఇంకో మాట అన్నారు. "కుట్టడం వరకే మా పని అమ్మా. పెరగడం నరం పని. నెలకి అంగుళం అనుకోండి."

అంగుళం అన్న మాట వినగానే అమ్మకి అది తన లెక్క అయిపోయింది. ఇంటికొచ్చి టేపు తీసింది. మణికట్టు మీది కుట్టు నుంచి మధ్యవేలి కొస దాకా ఏడు అంగుళాలు. కొలిచే పద్ధతి డాక్టరే నేర్పారు. మణికట్టు దగ్గర మొదలుపెట్టి వేళ్ల వైపు మెల్లగా తట్టుకుంటూ పోవాలి. కొత్త నరం కొస ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ తట్టగానే వేళ్లలోకి జివ్వుమంటుంది. ఈ పరీక్షను 1915లో ఫ్రాన్స్‌లో జ్యూల్ టినెల్, జర్మనీలో పాల్ హాఫ్‌మన్ వేర్వేరుగా రాశారు. రెండు దేశాలూ అప్పుడు ఒకదానితో ఒకటి యుద్ధంలో ఉన్నాయి. మా ఇంట్లో అది ఆదివారం పని. తలస్నానం అయ్యాక అమ్మ గడప దగ్గర కూర్చుని తట్టుకునేది, జివ్వుమన్న చోట నేను బాల్‌పెన్‌తో చుక్క పెట్టేదాన్ని, అమ్మ టేపు పెట్టి పుస్తకంలో రాసుకునేది.

మొదటి నెల దాదాపు ఏమీ కదల్లేదు. తర్వాత చుక్కలు నడవడం మొదలైంది. మూడో నెల చివర చుక్క అరచేతి మధ్యకి వచ్చింది కానీ వేళ్లు మాత్రం కర్రపుల్లల్లాగే ఉన్నాయి. అప్పుడు మా మామ వచ్చాడు. అమ్మకి తమ్ముడు. బోరు మోటార్లకి వైండింగ్ చేస్తాడు. వైరు గురించి ఈ చుట్టుపక్కల ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, తెగిన వైరు అతికిచ్చినంక కరెంటు ఎంటనే రావాలె. మూడు నెలలైనా రాలేదంటె అతుకు తప్పినట్టే గద" అన్నాడు. ఆపరేషన్ ఫెయిలైందని ఊళ్లో అనుకోవడం అక్కడ మొదలైంది. ఎవరో పసరు కట్టు పేరు చెప్పారు. అమ్మ వేళ్ల ఎక్సర్‌సైజులు మానేసింది. రెండు ఆదివారాలు టేపు కూడా తియ్యలేదు.

మామ తప్పు చెప్పాడని నేను అనలేకపోయాను. ఎందుకంటే బడిలో నేను చెప్పేదీ అదే. బోర్డు మీద న్యూరాన్, అంటే నాడీకణం బొమ్మ గీస్తాను. ఒక చివర గుండ్రంగా సెల్ బాడీ, అందులో కేంద్రకం, చుట్టూ కొమ్మల్లా డెండ్రైట్లు, అక్కడి నుంచి పొడుగ్గా ఆక్సాన్. "ఆక్సాన్ కరెంటు తీగ లాంటిది, పైన మైలిన్ ప్లాస్టిక్ తొడుగు లాంటిది" అని ఏటా చెప్పాను. ఆ వాక్యం వల్ల మా ఇంట్లోనే ఒక మనిషి ఎక్సర్‌సైజులు మానేసింది. అప్పటి నుంచి రాత్రిళ్లు చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒక విషయం గట్టిగా అనిపించింది. నరాన్ని తీగ అని చెప్పడం మనం మానెయ్యాలి. పిల్లలకి సులువుగా ఉంటుందని చెప్పే పోలికే గానీ, నరం ఎలా బతుకుతుందో అది పూర్తిగా దాచేస్తుంది.

ముందు లెక్క చూడండి. అమ్మ వేలికి స్పర్శ తెలిపే నాడీకణం సెల్ బాడీ చేతిలో ఉండదు. మెడ ఎముకల పక్కన ఉంటుంది. అమ్మ టేపుతోనే మెడ నుంచి మణికట్టు దాకా కొలిచాం, ఇరవై ఆరు అంగుళాలు. వేలి కొసకి మొత్తం ముప్పై మూడు. ఇంత పొడవూ ఒకే కణం. దాని సెల్ బాడీ మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఆ సెల్ బాడీని ఆవగింజంత చేసి చూస్తే, దాని నుంచి వెళ్లే ఆక్సాన్ ముప్పై మీటర్ల దారం అవుతుంది. నడుం నుంచి అరికాలికి వెళ్లేవి ఇంకా పొడవు, ఒక్కో కణం మీటరు దాకా ఉంటుంది.

ఇప్పుడు ప్రోటీన్ల సంగతి. కణంలో పని చేసేవీ, కణానికి ఆకారం ఇచ్చేవీ చాలావరకు ప్రోటీన్లే. అవి శాశ్వతంగా ఉండవు. మెదడులో చాలా ప్రోటీన్లు కొన్ని రోజుల్లోనో వారం పది రోజుల్లోనో అరిగిపోయి, వాటి చోట కొత్తవి రావాలి. మన పాఠం ప్రకారం అవన్నీ సెల్ బాడీలో తయారై ఆక్సాన్ పొడవునా రవాణా అవుతాయి. ఈ రవాణాలో రెండు వేగాలు ఉన్నాయి. సంచుల్లో కట్టి మోసుకెళ్లే సరుకు రోజుకి 400 మిల్లీమీటర్ల దాకా పోతుంది, అది వేలి కొసకి రెండు రోజుల్లో చేరుతుంది. కానీ ఆక్సాన్ నిలబడటానికి కావలసిన యాక్టిన్, ట్యూబ్యులిన్ లాంటివి నెమ్మది బండిలో వెళ్తాయి. అందులో బాగా నెమ్మదివి రోజుకి మిల్లీమీటరు, అంతకన్నా తక్కువ కూడా. ముప్పై మూడు అంగుళాలంటే 838 మిల్లీమీటర్లు. రోజుకి మిల్లీమీటరు చొప్పున రెండేళ్ల మూడు నెలలు దాటుతుంది. కొద్ది రోజుల్లో పాడయ్యే సరుకుని రెండేళ్ల ప్రయాణం మీద పంపడం ఎలా కుదురుతుంది?

ఈ లెక్క అడ్డం తిరుగుతోందని 1960లోనే ఒక ప్రయోగం చూపించింది. ఎడ్వర్డ్ కోనిగ్, జార్జ్ కోయెల్ అనే ఇద్దరు నరాల్లో ఉండే ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైమును మందుతో మళ్లీ కోలుకోలేనంతగా చంపేశారు. కొత్త ఎంజైము సెల్ బాడీ నుంచి రావాల్సి ఉంటే, ముందు దగ్గరి భాగంలో కనిపించి, తర్వాత మెల్లగా చివరికి పాకాలి, కాలువలో నీళ్లు వదిలినట్టు. అలా జరగలేదు. నరం పొడవునా అక్కడికక్కడే తిరిగి వచ్చింది. పాఠ్యపుస్తకాలు మాత్రం ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎదిగిన ప్రాణుల ఆక్సాన్లలో రైబోసోములు లేవనే చెబుతూ వచ్చాయి. ప్రోటీన్లు కుట్టే మిషన్లే రైబోసోములు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కనిపించలేదు కాబట్టి లేవన్నారు. చాలా కొద్దిగా, చెదురుమదురుగా ఉన్నవి కనిపించకపోవడానికీ అసలు లేకపోవడానికీ తేడా ఉందని గుర్తించడానికి సైన్సుకి ఇంత కాలం పట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆక్సాన్ల కంటే ముందు ఈ తలుపు డెండ్రైట్ల వైపు తెరుచుకుంది. 1965లో డేవిడ్ బోడియన్ కోతి వెన్నుపాము న్యూరాన్లలో, సినాప్సుల దగ్గరే, అంటే ఒక న్యూరాన్ ఇంకో న్యూరాన్‌కి కబురు అందించే చోట్లే, రైబోసోములు ఉండటం గమనించారు. 1982లో ఆస్వాల్డ్ స్టీవర్డ్, విలియం లెవీ ఎలుక మెదడులో ఇంకా స్పష్టంగా చూశారు. డెండ్రైట్ మీద ముళ్లలా లేచి ఉండే స్పైన్లు ఉంటాయి, పక్క న్యూరాన్ నుంచి కబురు అందుకునేది అక్కడే. సరిగ్గా ఆ ముల్లు మొదట్లో రైబోసోములు పూసల గుత్తిలా ఉన్నాయి. కబురు వచ్చే గుమ్మంలోనే మిషను వేసుకుని కూర్చున్నట్టు. ఆ ఏడే, ఆగస్టు 26న, చంద్రపూర్ నుంచి విడదీసి మా గడ్చిరోలిని జిల్లా చేశారు. చంద్రపూర్ మరీ దూరమని. సిరొంచ వాళ్లకి గడ్చిరోలి ఇప్పటికీ సుమారు 200 కిలోమీటర్లే, అది వేరే సంగతి.

రైబోసోములు ఉన్నంత మాత్రాన చాలదు. ఏం కుట్టాలో తెలియాలి. ఇక్కడ నాకు అమ్మ పనే సాయానికొచ్చింది. జాకెట్టు కుట్టించుకునేవాళ్లు గుడ్డతో పాటు ఒక ఆది జాకెట్టు తెచ్చిస్తారు. ఆది ఉంటే మనిషి ఎదురుగా ఉండక్కర్లేదు. పెళ్లయి నాగపూర్ వెళ్లిపోయిన పిల్లకి ఇక్కడి నుంచి ఏడాదికి పది జాకెట్లు కుట్టి పంపడం కన్నా, ఒక ఆది ఇచ్చి పంపితే అక్కడి టైలరే అవసరమైనప్పుడు అవసరమైనన్ని కుడతాడు. కణంలో ఎం.ఆర్.ఎన్.ఏ అచ్చంగా ఆ ఆదే. అసలు కొలతలు కేంద్రకంలో, డి.ఎన్.ఏలో ఉంటాయి, అవి అక్కడి నుంచి కదలవు. వాటిని చూసి తీసిన ఆదే దూరం పోతుంది. ఒక ఆదితో రైబోసోములు చాలా కాపీలు కుడతాయి. పది ప్రోటీన్లు మోసే బదులు ఒక ఆది మోస్తే సరిపోతుంది.

ఇది పోలిక కోసం చెప్పిన మాట కాదు, ఆ ఆదులు నిజంగానే ప్రయాణం చేస్తాయి. ప్రోటీన్లతో కలిపి పొట్లం కట్టినట్టు చుట్టుకుని, కణం లోపలి మైక్రోట్యూబ్యూల్ పట్టాల మీద మోటారు ప్రోటీన్లు వాటిని లాక్కెళ్తాయి. దారిలో పొట్లం విప్పరు, అంటే ఆ సమయంలో దాంతో ఎవరూ ఏమీ కుట్టరు. ఎక్కడికి పోవాలో ఆ ఎం.ఆర్.ఎన్.ఏ తోకలోనే రాసి ఉంటుంది. బీటా యాక్టిన్ ఎం.ఆర్.ఎన్.ఏ తోకలోని అలాంటి భాగానికి శాస్త్రవేత్తలు జిప్‌కోడ్ అని పేరు పెట్టారు, మన పిన్‌కోడ్. 2012లో ఎరిన్ షూమన్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుక మెదడులో జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగంలో సెల్ బాడీలు దాదాపు లేకుండా ఎక్కువగా ఆక్సాన్లు, డెండ్రైట్లు ఉన్న పొరలో వెతికితే 2,550 రకాల ఎం.ఆర్.ఎన్.ఏలు దొరికాయి. ఏదో ఒకటీ అరా చేరిందనుకోవడానికి వీల్లేని సంఖ్య.

ఇదే విషయం అమ్మకి చెబితే వెంటనే అడిగింది, "మరి ఆది పాతదైపోతే?" పాతదవుతుంది. ఎం.ఆర్.ఎన్.ఏ కూడా కొంత కాలానికి చిరిగిపోతుంది. అప్పుడు మళ్లీ కేంద్రకం నుంచే రావాలి. అందుకే కొసలు తమంతట తాము బతుకుతాయని ఈ వ్యాసం చదివి ఎవరైనా అనుకుంటే అది నేను చెప్పేది కాదు. అమ్మ మణికట్టు దగ్గర తెగినప్పుడు కోతకి ఇవతల, వేళ్ల వైపు మిగిలిపోయిన ఆక్సాన్ ముక్కలు కొద్ది రోజుల్లోనే చచ్చిపోయాయి. రైబోసోములు ఉన్నా, ఆదులు ఉన్నా ఎక్కువ కాలం నిలబడలేదు. చాలా ప్రోటీన్లు ఇప్పటికీ సెల్ బాడీలోనే తయారై వస్తాయి. నా వాదన ఇంతే: అక్కడి నుంచి వచ్చేవీ కొసలో పుట్టేవీ కలిస్తేనే నాడీకణం. మనం మొదటిదే చెప్పి ఊరుకుంటున్నాం.

కొసలో తయారవుతున్నది నిజంగా పనికొస్తోందా అన్నది తేలడానికి 1996 దాకా ఆగాల్సి వచ్చింది. కాంగ్, ఎరిన్ షూమన్ ఎలుక హిప్పోకాంపస్ పలుచని ముక్కల మీద పనిచేశారు. బి.డి.ఎన్.ఎఫ్ అనే పదార్థం ఇస్తే సినాప్సులు బలపడతాయని, అందుకు కొత్త ప్రోటీన్లు కావాలని తెలుసు. వాళ్లు డెండ్రైట్లకీ సెల్ బాడీలకీ మధ్య సన్నగా కోసేశారు. అయినా సినాప్సులు బలపడ్డాయి. ప్రోటీన్ తయారీ ఆపే మందు ఇస్తే బలపడలేదు. అంటే పనికొచ్చిన ప్రోటీన్ ఆ తెగిన డెండ్రైట్‌లోనే పుట్టింది. 2001లో అదే బృందం సెల్ బాడీ నుంచి తెంచిన డెండ్రైట్‌లో, ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ కొత్తగా పుట్టడాన్ని మైక్రోస్కోపులో కళ్లతో చూసింది. ఆక్సాన్ల వైపు కూడా ఇక సందేహం మిగల్లేదు. 2019లో వాళ్లే చూపించినదాని ప్రకారం ఎలుక మెదడులో కబురు పంపే వైపు కొసల్లో ముప్పావు వంతుకి పైగా ప్రోటీన్ తయారీ సామగ్రి ఉంది.

మెదడులో దూరాలు అంగుళాల్లో ఉండవు కదా, మరి అక్కడ ఇంత హడావిడి ఎందుకు? నాకు అన్నిటికన్నా నచ్చిన జవాబు ఇక్కడే ఉంది. హిప్పోకాంపస్‌లో ఒక్కో న్యూరాన్ మీద పదివేల వరకు సినాప్సులు ఉంటాయి. ఒక జ్ఞాపకం నిలవాలంటే ఆ పదివేలలో కొన్నే మారాలి, అన్నీ మారితే ఏదీ గుర్తుండదు. కెల్సీ మార్టిన్, ఎరిక్ కాండెల్ తదితరులు 1997లో అప్లీసియా అనే సముద్రపు నత్త మీద దీన్ని పరీక్షించారు. ఒకే న్యూరాన్, ఆక్సాన్ రెండుగా చీలి రెండు వేర్వేరు కణాలను తాకుతోంది. ఒక చీలిక మీద మాత్రమే సెరటోనిన్ అనే రసాయనాన్ని ఐదు సార్లు వదిలారు. ఆ కొమ్మ ఒక్కటే చాలా కాలం బలపడింది, రెండోది మారలేదు. అందుకు కేంద్రకమూ పని చేయాల్సి వచ్చింది, ఆ కొమ్మలో అక్కడికక్కడ ప్రోటీన్ తయారీ కూడా జరగాల్సి వచ్చింది. ఆది అందరికీ పోవచ్చు, కుట్టేది మాత్రం అడిగిన చోటే.

అడగని చోట కుట్టకుండా ఉండటం కూడా అంతే ముఖ్యమని ఒక జబ్బు చెబుతుంది. దాని పేరు ఫ్రాజైల్ ఎక్స్. వంశపారంపర్యంగా వచ్చే బుద్ధిమాంద్యానికి బాగా తెలిసిన కారణాల్లో ఒకటి, ఆటిజం లక్షణాలు కూడా చాలామందిలో ఉంటాయి. 1991లో ఎఫ్.ఎం.ఆర్.1 అనే జన్యువు దొరికింది. అందులో సి.జి.జి అనే మూడక్షరాల ముక్క 200 సార్లకు పైగా రిపీట్ అయితే ఆ జన్యువు మూగబోతుంది. అది తయారుచేసే ప్రోటీన్ పని ఏమిటంటే, కొసల్లోని ఆ పొట్లాలను సమయం వచ్చేదాకా విప్పనివ్వకుండా పట్టుకోవడం. ఆ చెయ్యి లేకపోతే కుట్టడం ఎడాపెడా సాగుతుంది. ఆ అదుపులేని తయారీని తగ్గించే మందులు ఎలుకల్లో బాగా పనిచేశాయి, మనుషుల మీద జరిగిన పెద్ద ట్రయల్స్‌లో ఆశించిన ఫలితం రాలేదు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఎంత ఎదురుచూసి ఉంటారో తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది. నేను పాఠం చెప్పే పిల్లల్లో నేర్చుకోవడం కష్టమైనవాళ్లను "మొద్దు" అనడం ఆ రోజుతో మానేశాను. అంతకుముందు అనేదాన్ని.

ఇక అమ్మ చెయ్యి. చచ్చిన ముక్కలు పోయాక మిగిలింది ఖాళీ తొడుగు. డాక్టరు కుట్టింది ఆ తొడుగులనే. దాన్ని అమ్మకి చెప్పబోతే నా నోటి మాట పూర్తికాకముందే, "లంగాకి నాడా వెళ్లే మడత కుట్టిండ్రు, నాడా మళ్లా ఎక్కించుకోవాలె, అంతే గద" అంది. అంతే. ఆ నాడా మణికట్టు దగ్గర మొదలై తనే పెరుగుతూ మడతలో దూరిపోవాలి. మామ చూస్తున్నది అతుకు, కానీ అక్కడ జరుగుతున్నది పెరుగుదల.

పెరగాలంటే ముందు, తెగిందన్న కబురు మెడ దగ్గరి సెల్ బాడీకి చేరాలి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో మైక్ ఫైన్‌జిల్బర్ బృందం 2003లో కనుక్కున్నది చదివి నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఇంపోర్టిన్ బీటా అనే ప్రోటీన్ ఆది ఆక్సాన్‌లో ముందే సిద్ధంగా ఉంటుంది. నరం తెగగానే గాయం దగ్గరే ఆ పొట్లం విప్పి ఇంపోర్టిన్ తయారుచేసుకుంటుంది, ఆ కొత్త ప్రోటీన్ గాయం కబురును వెనక్కి, సెల్ బాడీ దాకా మోయడంలో పాలుపంచుకుంటుంది. "నేను తెగిపోయాను" అని చెప్పే దూతని తెగిన కొసే అక్కడికక్కడ తయారుచేసుకుంటోంది. 2012లో వాళ్లే ఆ ఆది ఆక్సాన్ దాకా చేరకుండా చేసిన ఎలుకల్లో నరం గాయం తర్వాత కోలుకోవడం ఆలస్యమైంది. పెరిగే కొస సంగతి కూడా చూశారు. 2005లో కేంబ్రిడ్జ్‌లో, సెల్ బాడీ నుంచి వేరుచేసిన ఆక్సాన్లను కోస్తే చాలా వాటికి కొత్త కొస మొలిచింది. ప్రోటీన్ తయారీ ఆపే మందు పోస్తే అలా మొలవడం బాగా తగ్గిపోయింది.

నా వాదనకి ఎదురు నిలిచే విషయం ఒకటుంది, దాన్ని దాచను. నరం పెరిగే వేగం రోజుకి ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఇందాక చెప్పిన నెమ్మది బండి వేగం కూడా ఇంచుమించు అంతే. అందుకే చాలాకాలం, కొస పెరగడానికి కావలసిన యాక్టిన్, ట్యూబ్యులిన్ సెల్ బాడీ నుంచి వచ్చే నెమ్మది సరుకేనని, అది ఎంత వేగంగా వస్తే నరం అంత వేగంగా పెరుగుతుందని నమ్మారు. ఆ నమ్మకం తప్పని నేను అనను. ఎక్కువ సరుకు అలాగే వస్తుండవచ్చు. కానీ ఎటు తిరగాలి, ఎప్పుడు ఆగాలి, ఏ తొడుగులో దూరాలి అన్నవి సెల్ బాడీ రెండేళ్ల దూరం నుంచి నిర్ణయించలేదు. అవి కొసలోనే, ఆ క్షణంలోనే తేలాలి.

దూరంలో ఉన్నవాళ్లకి సరుకు పంపడమొక్కటే దారి కాదని మా జిల్లాకి బాగా తెలుసు. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల సెర్చ్ సంస్థ 1990లలో గడ్చిరోలి దగ్గర 39 పల్లెల్లో ఊరి ఆడవాళ్లకే నవజాత శిశువుల్ని చూసుకోవడం నేర్పింది. వాళ్లు బరువు తూచారు, ఊపిరి లెక్కపెట్టారు, రక్తంలో ఇన్‌ఫెక్షన్ లక్షణాలు గుర్తుపట్టారు, ఇంట్లోనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ పని జరగని పల్లెలతో పోలిస్తే పసికందుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పసిబిడ్డకి జబ్బు చేస్తే గంటల్లో వైద్యం అందాలి. వానాకాలంలో మా దారుల మీద గంటలు ఎక్కడివి? ఎడ్లబండి కట్టేలోపే అయిపోయేది. అక్కడ కూడా మందు, చదువు బయటి నుంచే వచ్చాయి, చెయ్యి మాత్రం ఊరిది.

"ఇదంతా రీసెర్చి, తొమ్మిదో తరగతి పిల్లలకెందుకు" అని తోటి టీచర్ ఒకరు అన్నారు. సిలబస్ పూర్తి చేయడమే కష్టం, నిజమే. కానీ నేను కొత్త పాఠం పెట్టమనడం లేదు. ఉన్న ఒక్క వాక్యం మార్చమంటున్నాను. "ఆక్సాన్ తీగ లాంటిది" అన్న చోట "ఆక్సాన్ పొడవునా బతికున్న కణమే, తనకి కావలసిన కొన్ని ప్రోటీన్లను అక్కడికక్కడే తయారుచేసుకుంటుంది" అని చెబితే అర నిమిషం పడుతుంది. ఈ అర నిమిషం పాఠం విన్న పిల్ల ఇంట్లో ఎవరికో నరం తెగితే, మూడో నెలలో పసరు కట్టుకి పరిగెత్తనివ్వదు. షుగరు ఉన్న తాతకి తిమ్మిరి ముందు అరికాళ్లలోనే ఎందుకు మొదలవుతుందని అడుగుతుంది. పొడవైన ఆక్సాన్లని నిలబెట్టుకోవడం అన్నిటికన్నా కష్టం కాబట్టి, ముందు దెబ్బతినేవి అవే. తీగ అని నేర్చుకున్నవాళ్లకి ఈ ప్రశ్నే తోచదు. ఈ ఏడు నుంచి నేను బోర్డు మీద ఆక్సాన్ గీత పొడవునా రంగు సుద్దతో చుక్కలు పెడుతున్నాను, ఒక్కో చుక్క ఒక రైబోసోము.

మామకి చెప్పడమే కష్టమైంది. వైరు, కరెంటు అన్న మాటలు వాడకుండా చెప్పాలి. చివరికి అమ్మ చేతి మీది చుక్కలు చూపించాను. అప్పటికి పాత చుక్కలు చెరిగిపోయినా పుస్తకంలో తేదీలు ఉన్నాయి. ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాడు. "వైరు నడువదు గద బిడ్డా, ఇది నడుస్తున్నది" అన్నాడు. తర్వాతి ఆదివారం నుంచి తనే వచ్చి టేపు పట్టుకునేవాడు. అమ్మ మళ్లీ వేళ్లు వంచడం, చాపడం మొదలుపెట్టింది, బియ్యం గిన్నెలో వేళ్లు పెట్టి తిప్పేది, గుడ్డముక్కలు కళ్లు మూసుకుని తడిమేది.

వచ్చింది అంతా రాలేదు. రెండు వేళ్లకి బాగానే వచ్చింది. రూబియా గుడ్డకీ పాప్లిన్‌కీ తేడా ఆ వేళ్లతో చెబుతుంది, కాస్త ఆలోచించి. అస్తరు వేసేటప్పుడు మాత్రం ఇప్పటికీ కుడిచేత్తో ఒకసారి సరిచూసుకుంటుంది. బొటనవేలి కొస మీద పలచని ప్లాస్టిక్ కవరు తొడిగినట్టు ఉందంటుంది. ఇస్త్రీ పెట్టెకి నేను చెక్క పిడి అంచు చేయించాను. పుస్తకంలో ఆ పేజీ చివరి వరస, గాయం అయిన పదో నెలది, అమ్మ చేతిరాతలో ఇలా ఉంది: "7. మధ్యవేలు వచ్చింది. బొటనవేలు సగం." దాని కింద గీత కొట్టి, ఉన్న ఖాళీలో ఎవరిదో జాకెట్టు కొలత రాసింది: చెయ్యి పొడవు 10, అస్తరు కావాలి, శుక్రవారానికి.